ఇరవై ఆరు అక్షరాల ఊరు

14 నవంబరు 1988, సోమవారం

నువ్వు దొంగవి. నా సొరుగు లాగి, జవాబు పత్రాల కట్ట పక్కకు జరిపి, అట్ట మీద "సివిక్స్ – పాత నోట్సు" అని రాసి ఉన్న ఈ పుస్తకాన్ని తెరిచావంటేనే నేరం రుజువైపోయింది. విచారణ అక్కరలేదు. పైగా నిలబడి చదువుతున్నావు, ఎవరైనా వస్తే జల్దీగా మూసేయడానికి. నీలాంటివాళ్ల వల్లే ఈ దేశంలో మనిషికి మనసులో మాట రాసుకునే జాగా లేకుండా పోయింది. పేరు రాయను. కామర్సు చెప్పేవాళ్లలో కళ్లజోడు ఉన్నవాడివి నువ్వొక్కడివే, వెంకటరామారావూ.

రేపటి నుంచి ఈ పుస్తకం ఇంట్లో ఉంటుంది. కాబట్టి ఇక నువ్వు "అతను".

కాలేజీకి రెండు కంప్యూటర్లు వచ్చి ఏడాది అయింది. వరంగల్‌లో పది రోజుల శిక్షణ పొందినందుకు అతను వాటికి పూజారి అయ్యాడు. గది బయట చెప్పులు విడవాలి. మిషన్ల మీద పూల గుడ్డ. తాళం చెవి అతని మొలతాడుకు. పిల్లలకు వారానికి ఒక గంట, అది కూడా చేతులు కడుక్కుంటేనే. ఈ ఇల్లందులో బొగ్గు తవ్వే మనిషి చేతిని మసి అని చూసే చూపు ఇదే. దీని మీద వ్యాసం రాయాలి. (శీర్షిక: "పూల గుడ్డ కింద వర్గం".)

అసలు సంగతి. డిసెంబరు 15న హైదరాబాదు నుంచి అధికారి వస్తాడు. పిల్లలు మిషన్‌తో ఏదైనా పనికొచ్చేది చేసి చూపిస్తే రెండూ ఇక్కడే ఉంటాయి. లేదా లారీ ఎక్కి పట్నానికి పోతాయి. ప్రిన్సిపాల్ ఈ రోజు స్టాఫ్ రూములో ఆ మాట చెప్పి, ఎవరో చచ్చినట్టు ఒక నిమిషం నిలబడ్డాడు.

చేస్తున్నది ఇద్దరే. సెకండియర్ మంగ్లి, ఇల్లందుకు మూడు మైళ్ల దూరంలోని తండా నుంచి నడిచి వస్తుంది. ఆమె క్లాసువాడే యోనా, గనిలో బొగ్గు తొట్లు తోసే ట్రామర్ కొడుకు. వాళ్లు మిషన్‌లో ఒక ఊరు కట్టారు. తెర మీద ఐదు గుడిసెలు, ఒక వాగు, చుట్టూ అడవి. మనుషులు ఇరవై ఆరుగురు. ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరం ఒక్కో మనిషి. ఎండాకాలం మొదట్లో ఇంటికిన్ని గింజలు. రోజు గడిస్తే ఆకలి, దాహం, అలసట పెరుగుతాయి. తొలకరి దాకా తొంభై రోజులు. ఆకలైన మనిషి ఏం చేస్తాడన్నది మనం రాసివ్వాలి. ఎవరు మిగులుతారన్నది అది చెబుతుంది.

మొదటి సూత్రం అతను చెప్పి రాయించాడు. ఎవడికి దొరికింది వాడు తినాలి, పక్కవాడిది కూడా లాక్కోవచ్చు. తొంభయ్యో రోజుకు ముగ్గురు మిగిలారు.

"చూశారా ఆంథోని గారూ! బలమున్నోడే బతికాడు. మిషన్‌కు పార్టీ లేదుగా!"

"మిషన్‌కు లేదు. రూలు రాసినోడికి ఉంది."

"అయితే మీ రూలు మీరు రాయించండి. పోటీ పెట్టుకుందాం."

పెట్టుకున్నాను. నలభై ఆరేళ్ల వయసులో ఒక కామర్సు లెక్చరర్‌తో పోటీకి దిగడం నా స్థాయికి తగదని తెలుసు. అయినా చరిత్ర పిలిచినప్పుడు స్థాయి చూసుకోకూడదు.

18 నవంబరు, శుక్రవారం

సమానంగా పంచమన్నాను. అంతే. దొరికినదంతా ఒకచోట పోసి ఇరవై ఆరు భాగాలు. యోనా ఐదు లైన్లలో రాశాడు. అన్యాయాన్ని రాయడానికి పదకొండు లైన్లు పట్టిందట, న్యాయానికి ఐదే. ఈ ఒక్క సంగతి చాలు, నేను గెలిచినట్టే.

ఇరవై ఆరుగురూ ముప్పై ఎనిమిదో రోజున చచ్చిపోయారు. ఒకరు ముందు, ఒకరు వెనక లేదు. అందరూ ఒక్కసారే తెర మీంచి మాయమయ్యారు.

యోనా నా వైపు చూసి, "మస్తు క్రమశిక్షణ సార్" అన్నాడు. వాడిది వెటకారమో మెచ్చుకోలో ఇప్పటికీ తేలలేదు.

లోపం సూత్రంలో లేదు. తిండి తక్కువైంది. తిండి ఎక్కువ పెట్టమన్నాను. మంగ్లి ఒప్పుకోలేదు.

"ఎండాకాలం గంతే దొరుకుతది సార్. ఎక్కువ రాస్తే అది మా దిక్కు ఊరు కాదు."

23 నవంబరు, బుధవారం

పంపకానికి నాయకత్వం లేకపోవడమే లోపమని పోయిన ఆదివారం తేలింది. (నాకు తేలింది.) ఐదుగురితో కమిటీ వేశాం: ఏ, బి, సి, డి, ఈ. కమిటీ ప్రతిరోజూ కూర్చుని గడ్డలకు, నీళ్లకు ఎవరు ఎటు పోవాలో చెబుతుంది.

"కమిటోళ్లు అడవికి పోతరా సార్?" యోనా అడిగాడు.

"పోరు. వాళ్లకు పని ఉంటుంది కదా."

"మరి వాళ్లకు ఆకలి పెంచాలా?"

"అది తర్వాత చూద్దాం. ఇప్పటికి రాయకు."

నలభై ఏడో రోజుకు ఊళ్లో ఐదుగురు మిగిలారు. ఏ, బి, సి, డి, ఈ. తొలకరి దాకా బతికారు. వాన పడ్డప్పుడు కూడా కూర్చునే ఉన్నారు.

అతను కుర్చీలోంచి కిందికి జారి నవ్వాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ తెర చూసి మళ్లీ తీశాడు. ప్రిన్సిపాల్‌ను పిలిచాడు. అటెండరు పగిడయ్యను పిలిచాడు. పగిడయ్యకు ఇంగ్లీషు అక్షరాలు రావు, అయినా నవ్వాడు.

ఆకలి సంగతి రాయవద్దన్నది నేనే. కాదనను. కానీ "ఇప్పటికి" అన్నాను. ఇప్పటికి అన్న మాట ఆ మిషన్ భాషలో లేకపోతే అది నా తప్పా?

24 నవంబరు

స్టాఫ్ రూములో నా పేరు "ఏ గారు" అయింది. "ఏ గారూ, భోంచేశారా? లేక మీకు ఆకలి వేయదా?"

27 నవంబరు, ఆదివారం

జోజమ్మ చర్చి నుంచి వచ్చి మసాలా నూరుతూ అడిగింది, "ఏందయ్యా, వారం సంది మొగం గట్ల పెట్టుకున్నవ్? ఎవలు పోయిన్రు?"

చెప్పాను. ముప్పై ఎనిమిది, నలభై ఏడు, అన్నీ. ఆమె డిస్పెన్సరీలో నర్సు. చావుల లెక్క శ్రద్ధగా వింటుంది.

"ఆ ఊర్ల ఆడోళ్లు ఎవలు?"

"అక్షరాలకు ఆడ, మగ ఉండవు."

"గందుకే చస్తున్నరు" అని రోలు కడిగింది.

ఇరవై రెండేళ్ల సంసారంలో నా వాదానికి ఎన్నడూ పూర్తి జవాబు ఇవ్వలేదు. మధ్యలో ఒక ముక్క విసిరి వంటింట్లోకి పోతుంది. ఇది చర్చా పద్ధతి కాదని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

1 డిసెంబరు, గురువారం

ఈ రోజు జరిగింది ఎక్కడా జరిగి ఉండదు. ఢిల్లీలో, బొంబాయిలో ఎంత పెద్ద మిషన్ ఇచ్చినా ఎవరూ ఈ తప్పు చేయలేరు.

నా కమిటీని పక్కన పెట్టి (తాత్కాలికంగా), పిల్లల్నే అడిగాను. "ఇంట్లో గింజలు అయిపోతే మనిషి ఏం చేస్తాడు?"

ఇద్దరూ ఒకేసారి అన్నారు, "సుట్టాలింటికి పోతడు సార్."

అడిగేదేముందన్నట్టు చూశారు. లాక్కోవడం, పంచుకోవడం, కమిటీ ఇవేవీ వాళ్లకు తోచలేదు. నిజమే కదా. నా చిన్నప్పుడు ఎండాకాలం మా అమ్మ మమ్మల్ని ఎర్రుపాలెం మేనత్త ఇంటికి తోలేది. అది సెలవులని ఇన్నాళ్లూ అనుకున్నాను.

సూత్రం రాశారు. ఇంట్లో గింజలు అయితే ఇల్లు మూసి చుట్టాలింటికి పోవాలి. పోయినవాడికి ఆ ఇంటివాళ్లు ముందు పెట్టాలి. మూడు రోజులుండి తిరిగి రావాలి.

పంతొమ్మిదో రోజు దాకా ఊరు కళకళలాడింది. అక్షరాలు ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతూ బాగా తిన్నాయి. దాంతో ఐదు ఇళ్లలోనూ గింజలు ఒకే రోజున అయిపోయాయి. ఇరవయ్యో రోజు పొద్దున ఇరవై ఆరుగురూ ఇళ్లు మూసి చుట్టాలింటికి బయలుదేరారు.

ఎవరి ఇంటికి పోయినా తలుపు మూసి ఉంది. ఎందుకంటే ఆ ఇంటివాళ్లు కూడా చుట్టాలింటికే పోయారు. కె పోయి ఎల్ ఇంటి ముందు నిలబడింది. ఎల్ పోయి కె ఇంటి ముందు నిలబడింది. బాటల మీద అక్షరాలు ఎదురెదురుగా దాటిపోతున్నాయి.

"ఒగలనొగలు పలకరించుకుంటలేరేంది?" అన్నాడు యోనా.

"పలకరించమని నువ్వు రాసినవా?" మంగ్లి అంది.

ఇరవై తొమ్మిదో రోజుకు ఊరంతా బాటల మీదే చచ్చిపోయింది. క్యూ అనే అక్షరం అందరికన్నా చివర పోయింది. మూసిన తలుపు ముందు నాలుగు రోజులు నిలబడింది. ఎందుకో దాని కోసం బాధపడ్డాను. మా మేనత్త ఇంటికి ఒకసారి మేం పోయేసరికి తాళం వేసి ఉంది. ఆ రోజు అమ్మ ఏం చేసిందో గుర్తు లేదు.

అధికారి వచ్చేందుకు పద్నాలుగు రోజులు. చేతిలో మూడు రకాల చావులున్నాయి, ఒక్క బతుకు లేదు.

4 డిసెంబరు, ఆదివారం

పిల్లలతో తండాకు పోయాను. పరిశీలన కోసం. మంగ్లి నాయనమ్మ సక్రి వాకిట్లో గంపలో ఎండు ఇప్పపువ్వు ఏరుతోంది. ముంజేతుల నిండా గాజులు. మంగ్లి వాళ్ల భాషలో చాలాసేపు చెప్పింది. ముసలామె విని, నా వైపు తిరిగి తెలుగులో అంది:

"సారూ, ఆ ఊర్ల నేను లేనా?"

"నువ్వు ఎందుకుంటావు నాయనమ్మా, అది ఉత్త లెక్క."

"లెక్కల అందరున్నరంటివి. ముసలిది ఏడున్నదంటే చెప్తలేవు."

యోనా నసిగాడు. "ముసలోళ్లు అడవికి పోరు గద, ఏం తేరు గద అని రాయలే."

ఆమె నవ్విన నవ్వుకు గంపలో పువ్వు చెదిరింది. "ఏం తేను! అందుకే ఇంటికాడ ఉంట. వీళ్ల నాయిన దమ్మపేట దిక్కు పోతడు, అమ్మ తునికాకు కోయ పోతది, ఇది బడికి పోతది. నేను ఏడికి పోత? తలుపు తీసుకొని కూసుంట. వచ్చినోనికి గింత అంబలి పోస్త. ఏ దిక్కు గడ్డలున్నయో, ఏ చెలిమెల నీళ్లున్నయో, ముందటి నాడు వచ్చినోడు చెప్పిపోయింది ఇయ్యాల వచ్చినోనికి చెప్త. నువ్వు రాయలే. చచ్చిన్రు."

నేను పెన్ను తీశాను. ఆమె చూసి, "రాసుకుంటుండు సూడు" అని మంగ్లితో అని మళ్లీ నవ్వింది.

నాకూ అంబలి పోసింది. తాగాను. పరిశీలనలో భాగంగా రెండోసారి కూడా తాగాను.

7 డిసెంబరు, బుధవారం

ఇంటికి ఒక ముసలమ్మ. అక్షరాలు అయిపోయాయి కనుక అంకెలు ఇచ్చారు, ఒకటి నుంచి ఐదు దాకా. వాళ్లు కదలరు. తలుపు తీసి ఉంచుతారు. వచ్చినవాళ్లకు ఉన్నదాంట్లో కొంచెం పెడతారు, ఎటు పోతే ఏం దొరుకుతుందో చెబుతారు. మొత్తం పద్దెనిమిది లైన్లు.

తొంభయ్యో రోజు. వాన. ముప్పై ఒక్కరిలో ఇరవై ఎనిమిది మంది బతికారు.

యోనా బల్ల మీద తబలా వాయించాడు. మంగ్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కళ్లజోడు తుడుచుకుని, బతికినవాళ్లను తనే రెండుసార్లు లెక్కపెట్టాడు.

నేను మాత్రం సిద్ధాంతపరమైన అభ్యంతరం తెలిపాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"బాగుంది. కానీ ఇందులో సంఘటిత శక్తి ఎక్కడుంది? ఊరు ముసలమ్మల దయ మీద బతుకుతోంది. ఇది భూస్వామ్య అవశేషం కాదా?"

"మా నాయనమ్మకు భూమి లేదు సార్," అంది మంగ్లి.

"భూమి సంగతి కాదమ్మా. కనీసం వారానికి ఒక సభ అయినా..."

"సార్, జర ఆగండి. ఇది బతికింది. దీన్ని ముట్టొద్దు."

"సవరణకు చోటుండాలి."

"పదిహేనో తారీఖు దాకా ముట్టొద్దు. ఒట్టు పెట్టుండ్రి."

దేవుడి మీద నాకు నమ్మకం లేదన్నాను. యోనా, "అయితే మీ వ్యాసాల మీద పెట్టుండ్రి" అన్నాడు. పెట్టాను.

10 డిసెంబరు

ముట్టలేదు.

12 డిసెంబరు, సోమవారం

పిల్లలు మిషన్‌కు సూత్రాలు రాసే బేసిక్ భాష మీద ఒక పుస్తకం చదువుతున్నాను. జ్ఞానం కోసమే. ఫలానా పరిస్థితి ఉంటే ఫలానా పని చెయ్, లేకపోతే మరొకటి చెయ్, ఇంతేనట. కరపత్రం కూడా ఇంతే. ఇరవై ఏళ్లుగా నేను రాస్తున్నది బేసిక్ అని ఎవరూ చెప్పలేదు.

లైన్లకు పది పది తేడాతో అంకెలు వేస్తారు. మధ్యలో ఏదైనా చేర్చాలంటే చోటుండాలని. 450, 460. మధ్యలో తొమ్మిది ఖాళీలు. సవరణకు చోటు ఆ భాషలోనే ఉంది! ఇది నేను చెప్పింది కాదు, పుస్తకం చెప్పింది.

14 డిసెంబరు, బుధవారం

మధ్యాహ్నం భోజనాల వేళ అతను తాళం చెవి నాకిచ్చి బ్యాంకుకు పోయాడు. పావుగంట ఉన్నాను. ఒకే ఒక్క లైను. 455. ప్రతి ఏడో రోజు ఊరంతా మధ్యలో సభ చేరాలి, అంకెలతో సహా. కమిటీ లేదు, పంపకం లేదు, ఎవరి ఆకలీ తీసేయలేదు. ఉత్త సభ. ఎవరికీ నష్టం లేదు. నడిపి చూద్దామనుకున్నాను, గంట కొట్టారు. ఫ్లాపీలో భద్రం చేసి వచ్చేశాను.

దీన్ని ముట్టడం అనరు. చేర్చడం అంటారు.

15 డిసెంబరు, గురువారం

అధికారి వచ్చాడు. వెళ్లాడు. కంప్యూటర్లు మనకే ఉంటాయి. ఇంకో ఏడాది. అదే ముఖ్యం. ఈ రోజుకు ఇది చాలు.

తలనొప్పి.

సాయంత్రం. జోజమ్మ, "ఉంటున్నయి గదా మిషన్లు, మరి మొగం గట్లెందుకున్నది?" అంది. రాస్తాను. పూర్తిగా రాస్తాను, నేను ఎప్పుడూ నిజమే రాస్తాను.

అధికారి నెమ్మదైన మనిషి, బట్టతల. ముందు అతని సూత్రం నడిపారు. ముగ్గురు మిగిలారు. అధికారి తల ఊపాడు. తర్వాత మంగ్లి ఫ్లాపీ పెట్టి తన ఊరు మొదలుపెట్టింది. ఒకటో రోజు, రెండో రోజు, మంగ్లి ఒక్కో అక్షరం చూపిస్తూ చెబుతోంది. ఏడో రోజున ముసలమ్మలు లేచారు. ఐదు అంకెలూ తలుపులు వదిలి నడిచాయి. ఇరవై ఆరు అక్షరాలూ నడిచాయి. తెర మధ్యలో అందరూ గుంపుగా నిలబడ్డారు.

ఎనిమిదో రోజు కూడా నిలబడే ఉన్నారు. తొమ్మిదో రోజు కూడా. పొమ్మని రాశాను. తిరిగి రమ్మని రాయలేదు.

"ఏమిటమ్మా వీళ్లు? ఎందుకిలా నిలబడ్డారు?" అధికారి అడిగాడు.

పదహారో రోజున సభలోనే మొదటి మనిషి చచ్చిపోయాడు. ఎమ్. పక్కన ఎన్ కదల్లేదు. పదిహేడో రోజు నలుగురు. ఎదురుగా వాగులో నీళ్లున్నాయి, అడవిలో గడ్డలున్నాయి. సభ ముగియలేదు.

అప్పుడు అతను నవ్వుతూ అన్నాడు, "చెప్పాను కద్సార్, తండా పిల్లలకు మిషనిస్తే ఇంతే. నేను పక్కనుండి రాయిస్తే ఒక తీరు, వదిలేస్తే ఒక తీరు."

ప్రిన్సిపాల్ మంగ్లి వైపు చూశాడు. అందరూ చూశారు.

నేను గొంతు సవరించుకుంటున్నాను. దుమ్ము ఎక్కువగా ఉంది.

మంగ్లి మీట నొక్కి ఆట ఆపింది. లైన్లన్నీ తెర మీదికి పిలిచింది, వేలితో ఒక్కొక్కటి దిగుతూ వచ్చింది. 430, 440, 450, 455. వేలు ఆగింది. తిరిగి నా వైపు ఒక్కసారి చూసింది. ఒక్కసారే. తర్వాత 455 అని కొట్టి మీట నొక్కింది, ఆ లైను పోయింది. మళ్లీ నడిపింది. తొంభయ్యో రోజు, వాన, ఇరవై ఎనిమిది మంది.

"తప్పు ఎలా కనిపెట్టావు?" అధికారి అడిగాడు.

"ముసలమ్మ లేచింది గద సార్. మేమేదో కొత్తది రాస్తే తప్ప ఆమె లేవది."

"ఎవరు రాశారది?"

మంగ్లి తెర వైపు తిరిగింది. "తెల్వదు సార్. రాసినోళ్లు తొందరల ఉన్నరు. పోనీకి రాసిండ్లు, రానీకి రాయలే."

అధికారి నవ్వాడు. నడిచే లెక్క చూపించేవాళ్లను పది ఊళ్లలో చూశాననీ, చచ్చిన లెక్కను తన ముందరే లేపినవాళ్లను ఇక్కడే చూశాననీ అన్నాడు. మిషన్లు ఉంచమని అక్కడే సంతకం చేశాడు. అంటే ఏమైనట్టు? నా 455 లేకపోతే ఆ మాట ఆయన అనేవాడా? ఒక విధంగా చూస్తే కంప్యూటర్లను నిలబెట్టింది

కాదు. ఈ వాక్యం ఇక్కడ ఆపేస్తున్నాను.

16 డిసెంబరు, శుక్రవారం

గదిలోని రిజిస్టరులో అతను ఎర్ర సిరాతో రాశాడు: "తనిఖీ సమయంలో విద్యార్థిని మంగ్లి పొరపాటు వల్ల ప్రోగ్రాం చెడినది." కింద ప్రిన్సిపాల్ ఉత్తర్వు: జనవరి చివరి దాకా ఆమె మిషన్ గంట రద్దు.

మిషన్లను నిలబెట్టిన పిల్లకు మిషన్ లేదు.

ఇది ఘోరం. దీన్ని ఖండిస్తూ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. "కులం, గది, తాళం చెవి" అని శీర్షిక పెట్టాను. రెండు పేజీలు బాగా నడిచింది. మూడో పేజీలో "ఆ 455వ లైను రాసింది ఎవరు?" అన్న ప్రశ్న వచ్చింది. నా వ్యాసంలో అది నేనే వేశాను. అలవాటు. ఇరవై ఏళ్లుగా నేను వేసే ప్రశ్నలకు జవాబు ఎప్పుడూ ఎదుటివాడే చెప్పాలి.

దుమ్ము లేదు. గది ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, అగరొత్తులు వెలిగించారు ఆ రోజు. గొంతు బాగానే ఉంది.

17 డిసెంబరు, శనివారం

మధ్యాహ్నం ఇద్దరూ ఇంటికి వచ్చారు. మంగ్లి గుమ్మం దగ్గరే నిలబడింది. జోజమ్మ లోపలికి పిలిచి టీ పెట్టింది.

"ఆ పేరు ఎందుకు చెప్పలేదమ్మా ఆ రోజు? నా పేరు, అదే, ఆ..." అన్నాను.

"చెప్తే మిషన్లు పోతుండె సార్. సార్లే చెడగొడుతున్నరంటే ఆయన ఉంచుతడా?"

"మరి ఇప్పుడు చెప్పొచ్చు కదా?"

"ఇప్పుడు చెప్పాల్సింది నేనా?"

యోనా ఇంతలో దబాయించాడు. "వ్యాసాల మీద ఒట్టు పెట్టిండ్రు సార్. ఇగ మీ వ్యాసాలన్నీ ఏం కావాలె?"

"ముట్టలేదురా. చేర్చాను," అన్నాను.

జోజమ్మ టీ గ్లాసులు తెస్తూ ఆగింది. నన్ను చూసింది. ఈసారి ముక్క కూడా విసరలేదు.

మంగ్లి నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టి, టీ తాగి, గ్లాసు తనే కడిగి వెళ్లిపోయింది. యోనా వెనక పోతూ, "సార్, మీరు రాసే తీరుగనే రాసినం. నంబర్లేసి" అన్నాడు.

యాజమాన్యాలకు, అధికారులకు, ఒకసారి బిషప్‌కు కూడా డిమాండ్ల పత్రాలు రాసినవాణ్ని. నాకొకటి అందడం ఇదే మొదలు. చదవగానే భాష దిద్దుదామని ఎర్ర పెన్ను తీశాను. మూత పెట్టేశాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

ఆంథోని సార్‌కు మా డిమాండ్లు

1. రిజిస్టర్‌లో "మంగ్లి పొరపాటు" అన్నది కొట్టేయాలి. పక్కన రాసినవాళ్ల అసలు పేరు రాసి సంతకం పెట్టాలి.

2. ఇది సోమవారం పది గంటల లోపల కావాలి. ప్రిన్సిపాల్ సార్ ముందు, వెంకటరామారావు సార్ ముందు కావాలి. వాళ్లు నవ్వినా సరే.

3. మంగ్లి గంట మంగ్లికి తిరిగి ఇప్పించాలి. ఇప్పించే దాకా యోనా గంటలో సగం మంగ్లిది. దీనికి ఎవరి పర్మిషన్ అడగం.

4. గది తాళం చెవి ఇంకొకటి చేయించాలి. అది విద్యార్థుల దగ్గర ఉండాలి.

5. మీకు మేం బేసిక్ నేర్పిస్తాం. ప్రతి శనివారం మూడు గంటలకు రావాలి. మేం చెప్పే దాకా మీటలు నొక్కవద్దు.

6. మంగ్లికి తప్పయిందని చెప్పాలి. నోటితో చెప్పాలి. వ్యాసం రాయవద్దు.